రెండోపారి

షార్జా, సజా. శుక్రవారం మధ్యాహ్నం.
మెస్సు హాల్లో పప్పు వాసన ఇంకా పోలేదు.
బల్ల తుడిచి కాగితాలు పరిచాను.
గంటకి నలభై దిర్హమ్‌లు నాకు,
జవాబు చెప్పినవాళ్ళకి తలా ఒక ఫోను కార్డు.

ముందు సమ్మతి పత్రం చదవాలి.
"ఇష్టం లేకపోతే మీరు ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు."
ఆ వాక్యం దగ్గర అందరూ నవ్వారు.
పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉన్నవాళ్ళు
ఎందుకు నవ్వారో
రాయడానికి గడి లేదు.

నాలుగో ప్రశ్న:
గత రెండు వారాల్లో ఎంత తరచుగా మీకు కుంగుబాటు కలిగింది?

"కుంగుడంటే ఏంది సారూ" అన్నాడు లింబాద్రి.
"పునాది కుంగుతది, ఎరికే.
మనిషెట్ల కుంగుతడు?"

నాది గూడూరు. నా దగ్గర వేరే మాట లేదు.
పక్కనుంచి ముత్తెన్న అందించాడు:
"రందిరా. రంది."
హాలంతా ఒక్కసారి తలూపింది.

డాక్టర్ హనాన్ మంచిది, మార్చండి అంది.
కానీ పద్ధతి ఒకటుంది:
తెలుగులోకి వెళ్ళిన ప్రశ్న
అసలుని చూడని ఇంకొకరి చేతిమీదుగా
తిరిగి ఇంగ్లీషులోకి రావాలి.
అజ్మాన్‌లో ఉండే విజయనగరం ఆయనకి పంపాం.
'వర్రీ' అని రాసి
పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు.
రంది వెళ్ళింది, వర్రీ వచ్చింది.
మధ్యలో ఏదో ఆగిపోయింది
చేతిసంచీలోని పచ్చడి సీసాలాగా.

ఆ పై శుక్రవారం అసలు పని.
ఒక్కో ప్రశ్నకి ఐదు గళ్ళు,
'ఎప్పుడూ లేదు' నుంచి 'రోజూ' దాకా.
పోశెట్టి వాటిని స్కఫోల్డింగు అనుకున్నాడు.
"మూడో అంతస్తు దాకా బెల్టు లేకుంటనే ఎక్కుత,
గదే రాయుండ్రి" అన్నాడు.
రాశాను, మూడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి ఫోర్‌మన్ వచ్చాడు,
టీ కప్పుతో. ఏమీ అనలేదు.
ఊరికే తాగుతూ నిలబడ్డాడు.
ఆ కాసేపూ హాల్లో ఎవరికీ రంది లేదు.
నిద్ర బ్రహ్మాండంగా పట్టింది,
ఆకలి వేళకి వేసింది,
లింబాద్రి, నంబరు ముప్ఫై ఏడు,
నాలుగో ప్రశ్నకి 'ఎప్పుడూ లేదు' అన్నాడు.
మూడూ పది నుంచి మూడూ ఇరవై ఐదు
అని మార్జిన్‌లో రాసిపెట్టాను.
కంప్యూటర్లో మార్జిన్‌కి వరస లేదు.

పద్నాలుగు రోజులకి మళ్ళీ అదే బల్ల.
కొలబద్ద నిలకడగా ఉందో లేదో తేలాలంటే
అవే ప్రశ్నలు అదే వరసలో
అక్షరం పొల్లుపోకుండా అడగాలి.

నాలుగోది చదవగానే లింబాద్రి ముఖం మారింది.
"మొన్న జెప్పింది తప్పయిందా సారూ?"
ఇందులో తప్పొప్పులు లేవు,
కాగితంలో ఉన్నట్టే చదివాను.
"మరి మల్లెందుకు అడుగుతున్రు?"

దానికి కాగితంలో ఏమీ లేదు.
ఊరుకున్నాను.
గోళ్ళల్లోని సిమెంటు గీక్కుంటూ అతనే అన్నాడు:
"మా ఇంటామె గూడ ఫోన్ల గిట్లనే.
మంచిగున్నవా అంటది. మంచిగున్న అంట.
జరసేపైనంక మల్ల అంటది, మంచిగున్నవా?
రెండోపారి అడిగిందంటే
ఇగ నిజం జెప్పాలె.
మీరు గూడ గందుకే వచ్చిన్రా?"

నా జవాబు కోసం ఆగలేదు.
కాగితం తనవైపు తిప్పుకుని
ఐదో గడిలో వేలు పెట్టాడు.
పెన్ను పట్టేలోపు
ఆ వేలి ముద్ర అక్కడ పడింది, బూడిదరంగుగా.
తర్వాత కార్డు తీసుకుని
తాళంచెవితో గీకుతూ ఎండలోకి వెళ్ళాడు.

అతనొక్కడే కాదు. పదహారుమంది.

డాక్టర్ హనాన్ తెరవైపు చాలాసేపు చూసింది.
నాలుగు నిలకడగా లేదు, తీసేయాలి అంది.
గుమ్మం దగ్గరి టీ సంగతి చెప్పాను. నోటు చేసుకుంది.
మిగతాది ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో
నాకు తెలియలేదు.

లైట్లు ఆర్పుతూ
మీరెలా ఉన్నారు అని అడిగింది, అలసిపోయినట్టున్నారని.
బాగున్నానన్నాను.
మంచి మనిషి. ఒక్కసారే అడిగింది.

బస్సు ఐదూ నలభైకి.